బీపీ, షుగరు మాత్రలు తగ్గించుకోవాలంటే: ఉప్పు ప్యాకెట్టుతో మొదలుపెట్టండి

నాకు బీపీ వచ్చి పదకొండేళ్లయింది. మొదటి నాలుగేళ్లూ మాత్ర వేసుకోవడం ఒక పని, దాన్ని తిట్టుకోవడం ఇంకో పని. ఐదో ఏడు పంతం పట్టాను. తెల్లారుజామున నడక, పచ్చళ్లు బంద్. రెండు నెలలకు మిషను మీద 124/80 కనబడింది. నయమైపోయిందనుకుని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రెండు మాత్రలూ ఆపేశాను. పదమూడో రోజున గుంటూరులో మా ఆడపడుచు కూతురి పెళ్లి. తలంబ్రాల వేళకు తల పగిలిపోతోంది. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తే 196/112. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు మా అమ్మాయి వయసుంటుంది. నా కథంతా విని ఒక్క మాట అంది: "ఆంటీ, ఆ 124 మీది కాదు, మాత్రది."

ఆ నంబరును నాదిగా చేసుకోవడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. రెండు మాత్రల నుంచి ఒక చిన్న మాత్రకు వచ్చాను. అంతవరకే, సున్నాకు రాలేదు. మా సత్యనారాయణపురం వీధిలో "అక్కా, ఎలా తగ్గించావు?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి ఇలా రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు, వంటింటి మనిషిని.

ముందు మీ జబ్బు ఏ రకమో చూడండి

తిండీ నడకా అన్ని జబ్బులకూ ఒకేలా పనిచేయవు. కొన్ని వాటంతటవే పోతాయి. జలుబుకు మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అని మా మామగారు అనేవారు. నీళ్ల వల్ల వచ్చే మామూలు పచ్చకామెర్లూ అంతే, చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే దిగిపోతాయి. ఆ పేరు మాత్రం పసరు మందుకు దక్కుతుంది. అదే కామెర్లు పిత్తాశయంలో రాయి వల్లో, హెపటైటిస్ బి వల్లో వస్తే పసరు పోసుకుంటూ గడిపిన రోజులన్నీ నష్టమే. అందుకే ఏ కామెర్లో రక్తపరీక్షలో తేలాకే పథ్యం మాట.

రెండో రకం, తిండితో నిజంగా లొంగేవి: కొత్తగా వచ్చిన బీపీ, పెద్దవాళ్లకు వచ్చే టైప్ 2 షుగరు, కాలేయానికి పట్టిన కొవ్వు, మలబద్ధకం, ఇనుము తక్కువై వచ్చే కొద్దిపాటి రక్తహీనత. ఇది గాలికబురు కాదు. బ్రిటన్‌లో షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు, ఇన్సులిన్ వాడనివాళ్లకు, వైద్యసిబ్బంది కనిపెట్టుకుని ఉండగా తిండి బాగా తగ్గించి బరువు దించారు. ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మందికి మాత్ర లేకుండానే షుగరు అదుపులో ఉంది. ఆ ఫలితాలు 2017లో వచ్చాయి. పదిహేను కిలోలూ అంతకు పైగా తగ్గినవాళ్లలో అయితే పదిమందిలో ఎనిమిది మందికి పైనే. ఎన్నేళ్లయిందన్నది ఇక్కడ ముఖ్యం. ఇరవై ఏళ్ల షుగరుకు ఇదే ఫలితం ఆశించకండి.

మూడో రకానికి తిండి తోడు మాత్రమే, మందు కాదు. పిల్లలకు వచ్చే టైప్ 1 షుగరు, థైరాయిడ్, టీబీ, ఫిట్స్, క్యాన్సర్, గుండెలో స్టెంట్ పడినవాళ్ల మాత్రలు. వీటిలో మీ జబ్బు ఉంటే ఇక్కడ చెప్పే తిండి పద్ధతి డాక్టరు ఒప్పుకుంటే పాటించండి, మాత్రల మాట మాత్రం ఎత్తకండి. టైప్ 1 వాళ్లు ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఒక నోటుబుక్కు, ఒక టేపు, ఒక మిషను

జబ్బకు పట్టీ చుట్టే బీపీ మిషను కొనండి. మణికట్టుకు పెట్టేవి వద్దు. లావు జబ్బ ఉన్నవాళ్లు పెద్ద పట్టీ అడిగి తీసుకోవాలి, చిన్నది చుడితే లేని బీపీ చూపిస్తుంది. కాఫీ తాగిన అరగంట దాకా చూడొద్దు. కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. మా ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన షరతు ఇదే. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. పొద్దున, సాయంత్రం, ఇలా వారం రోజులు. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో చూసుకున్నప్పుడు 135/85 దాటితే ఎక్కువ ఉన్నట్టు లెక్క. ఆసుపత్రిలో ఆ గీత 140/90.

షుగరుకు పరగడుపున ఒకటి, మూణ్ణెల్ల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒకటి. పరగడుపున 126, మూణ్ణెల్ల సగటు 6.5 దగ్గర్నుంచి షుగరు వ్యాధి అంటారు. 100 నుంచి 125 మధ్య ఉంటే ఇంకా గడప దగ్గరే ఉన్నారు, వెనక్కి తిరగడం అక్కడే తేలిక. వీటితోపాటు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి. మూత్రపిండాల సంగతి తెలియకుండా ఆహారం మార్చకూడదు, ఎందుకో కింద చెబుతాను.

టేపు నడుముకు. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పొట్ట లోపల కొవ్వు పేరుకున్నట్టే. బరువు కన్నా నాకు ఈ లెక్కే నచ్చింది. చీరకట్టు అబద్ధం చెబుతుంది, టేపు చెప్పదు.

కంచం మార్చేముందే డాక్టరుకు చెప్పండి

చాలామంది తలకిందులుగా చేసేది ఇక్కడే. ముందు అన్నం మానేసి, కళ్లు తిరిగాక డాక్టరు దగ్గరికి వెళతారు. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రలు, ఇన్సులిన్ మీ మామూలు తిండికి తగినట్టు రాసినవి. తిండి సగమైతే, మాత్ర అంతే ఉంటే షుగరు 70 కన్నా కిందికి జారుతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, ఒక్కోసారి మాట తడబాటు. అలా అయితే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. పావుగంటకు మళ్లీ షుగరు చూసుకోవాలి, ఇంకా పెరగకపోతే మళ్లీ తాగాలి. స్పృహలేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి.

కాబట్టి వెళ్లి ఇలా అడగండి: "డాక్టరుగారూ, నేను అన్నం సగానికి తగ్గిద్దామనుకుంటున్నాను. ఏ మాత్ర ఎంత తగ్గించాలి, ఎప్పుడెప్పుడు చూపించుకోవాలి?" మంచి డాక్టరు విసుక్కోడు. విసుక్కుంటే మన బెజవాడలో డాక్టర్లకు కరువా?

ఉప్పు: మన జిల్లాల అసలు సమస్య

గుంటూరు కారాన్ని అందరూ ఆడిపోసుకుంటారు. పాపం, బీపీకి కారం కారణం కాదు. కారం వెంట వచ్చే ఉప్పు కారణం. ఆవకాయలో ఆవపిండి, కారం, ఉప్పు దాదాపు కొలతకు కొలత పడతాయి కదా, ఆ మూడో కొలత సంగతి.

పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే తలగొట్టిన టీ చెంచా ఒకటి. చెంచాలతో కొలుస్తూ కూర్చుంటే వంట సాగదు. నేను చేసింది చెబుతాను. కిలో ఉప్పు ప్యాకెట్టు విప్పిన రోజు దాని మీద పెన్నుతో తారీఖు వేయండి. ఇంట్లో నలుగురు పెద్దవాళ్లుంటే రోజుకు 20 గ్రాములు, కిలో 50 రోజులు రావాలి. మా ఇంట్లో మొదటిసారి 27 రోజులకే అయిపోయింది. అదీ పచ్చళ్లు, అప్పడాలు, బయట తిన్న పునుగులు లెక్కలో లేకుండా! మావారు ప్యాకెట్టు తిరగేసి తారీఖు రెండుసార్లు చదువుకున్నారు.

తగ్గించే వరస ఇదీ. మొదటి వారం పెరుగన్నంలో, మజ్జిగలో ఉప్పు మానండి. అన్నం వండేటప్పుడు ఉప్పు వేసే అలవాటుంటే అదీ. రెండో వారం అప్పడం, వడియం, చల్ల మిరపకాయలు రోజువారీ నుంచి ఆదివారానికి మార్చండి. మూడో వారం నుంచి కూరలో, పప్పులో చెంచాలో పావు వంతు తగ్గించి, దింపే ముందు వేయండి. చివర్లో వేసిన ఉప్పు నాలిక్కి బాగా తెలుస్తుంది. పులుపు పెంచితే లోటు కనబడదు: నిమ్మరసం, మామిడికాయ, చింతపండు, గోంగూర. దేవుడు మనకు పులుపుకు లోటు చేయలేదు.

ఊరగాయ పెట్టేటప్పుడు మాత్రం ఉప్పు తగ్గించకండి. బూజు పట్టి జాడీ అంతా పారబోయాల్సి వస్తుంది, ఒక ఏడు నాకు ఆ ముచ్చటా తీరింది. ఉప్పే దాన్ని ఏడాది నిలబెడుతుంది. తగ్గించాల్సింది పెట్టడంలో కాదు, వడ్డనలో. బద్ద బదులు వేలికొసంత గుజ్జు, అదీ వారానికి రెండుసార్లు.

ఉండవల్లి కరకట్ట మీద మంతెన సత్యనారాయణరాజు గారి ఆరోగ్యాలయంలో ఉప్పూ నూనే లేని వంటే పెడతారు. మా తోడికోడలు ఉండి వచ్చింది. మొదట్లో గడ్డి తిన్నట్టుందంది, వచ్చాక నా పప్పు తిని "ఇంత ఉప్పేమిటే!" అంది. నాలిక నేర్చుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది. మీరు అంతదూరం పోనక్కర్లేదు, మూడు నాలుగు వారాలు ఓపిక పడితే చాలు.

సోడియం తక్కువ అని అమ్మే ఉప్పు జోలికి మాత్రం అడక్కుండా పోకండి. అందులో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లకు, టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు అది రక్తంలో పెరిగి గుండె లయ తప్పించగలదు. క్రియాటినిన్ చూసుకోమన్నది ఇందుకే. మూత్రపిండాల జబ్బున్నవాళ్లకు కొబ్బరినీళ్లు, ఆకుకూర రసాలు ఎడాపెడా వద్దనేదీ ఇందుకే.

కంచంలో ఏది ముందు

మనది అన్నం జిల్లా. ఇంటింటా ఉడికే సాంబ మసూరి, అదే బీపీటీ 5204, మన బాపట్లలో పుట్టి 1986లో బయటికి వచ్చింది. మల్లెపూవులా ఉంటుంది, ముద్ద మీద ముద్ద ఎప్పుడు దిగిందో తెలియదు. చిక్కంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది.

అన్నం మానమని చెప్పను, వరస మార్చమంటాను. ముందు ఒక కప్పు కూర, పప్పు ఉత్తగా తినండి. ఆ తర్వాత అన్నం కలుపుకోండి. ఖాళీ కడుపున అన్నం పడ్డప్పుడు ఎగిరినంతగా షుగరు ఎగరదు, రెండో మారు వడ్డించుకోవాలనీ అనిపించదు. కంచంలో సగం కూరలు, పావు పప్పో గుడ్డో చేపో, పావు అన్నం. రైతుబజారుకు వెళితే సంచీలో సగం ఆకుకూరలు, లంక కూరగాయలు నింపి, ఆ తర్వాతే ఉల్లిపాయల దగ్గరికి వెళ్లండి. పళ్లు, కూరలు కలిపి రోజుకు 400 గ్రాములు తినాలన్నది లెక్క. బంగాళాదుంప ఇందులోకి రాదు, మావారు చాలాసార్లు వాదించారు.

కూరలు, పళ్లు, పాలపదార్థాలు పెంచి కొవ్వు తగ్గిస్తే బీపీ రెండు వారాల్లోనే కిందికి రావడం మొదలవుతుందని అమెరికాలో డ్యాష్ అనే ఆహార పద్ధతి మీద చేసిన పరిశోధన 1997లోనే చూపించింది. నాకు రెండు వారాలు కాదు, నెలన్నర పట్టింది. పెళ్లిళ్ల సీజను.

పొద్దున టిఫిను దగ్గర పెసరట్టు మేలు, అందులో ఉప్మా పెట్టనంతవరకు. రాగి మంచిదని జావ కాచి గ్లాసులకు గ్లాసులు తాగేవాళ్లున్నారు. మెత్తగా ఉడికి పలచనైన పిండి ఏ ధాన్యానిదైనా రక్తంలోకి వేగంగా దిగుతుంది. రాగి రొట్టె, జొన్న రొట్టె కూరతో నమిలి తినండి. రక్తం తక్కువగా ఉన్నవాళ్లు ఆకుకూరా పప్పూ తిన్నప్పుడు నిమ్మరసం పిండుకోండి, భోజనానికి అటూ ఇటూ గంట సేపు కాఫీ, టీ తాగకండి. ఇనుము ఒంటికి పట్టడానికి నిమ్మరసం సాయపడుతుంది, కాఫీ, టీ అడ్డుపడతాయి. హిమోగ్లోబిన్ బాగా పడిపోతే మాత్రం తోటకూరతో పూడదు, ఇనుము మాత్ర వేసుకోవాలి, ఎందుకు పడిపోయిందో వెతికించాలి.

నడక, నిద్ర

వారానికి 150 నిమిషాలు, చెమట పట్టేంత వేగంగా. నేను పొద్దున అరగంట బందరు కాలవ వైపు నడుస్తాను. రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాలు మేడ మీద. షుగరు ఉన్నవాళ్లకు ఈ పది నిమిషాలు బాగా పనిచేస్తాయి. రోహిణి కార్తెలో పొద్దున ఆరు దాటాక బయట నడవకండి, మన ఎండ మొహమాటపడదు. గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టై లేచేవాళ్లకు బీపీ ఎన్ని చేసినా దిగకపోవచ్చు. ఆ సంగతి డాక్టరుకు విడిగా చెప్పండి.

పెరటి మందులు

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, ఈ రోజుల్లో తిరగబడింది. పెరట్లో ఏది మొలిస్తే అది మందే అంటున్నారు.

దగ్గుకు చెంచా తేనె మంచిదే. ఏడాది లోపు పిల్లలకు మాత్రం నాకించకూడదు, బొట్యులిజం అనే ప్రమాదం ఉంది. అజీర్తికి వాము, జలుబుకు మిరియాల పాలు, శొంఠి కషాయం వంటింటి మోతాదులో ఉన్నంతవరకు హాయి. విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, అన్నీ తలగొట్టినవే, కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. ప్రాణాలు కాపాడిన ఇంటి మందు ఏదైనా ఉందంటే ఇదే. ఓఆర్ఎస్ ప్యాకెట్టు దొరికితే ఇంకా మంచిది.

కాకరకాయ రసం, మెంతులు షుగరును కొంత దించుతాయి. దించుతాయి కాబట్టే మాత్రలతో కలిస్తే ఎక్కువ దిగవచ్చు. నోటుబుక్కులో రాయండి, డాక్టరుకు చెప్పండి. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి అంటూ తిప్పతీగ రోజూ మింగినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్న సంగతి వైద్యులు నమోదు చేశారు. ఆకు కదా ఏమవుతుంది అనకండి, గన్నేరు కూడా ఆకే.

మాత్ర తగ్గించే రోజు

కనీసం మూడు నెలల లెక్క చేతిలో ఉండాలి. ఇంట్లో బీపీ నిలకడగా 120ల్లో ఉండి, లేచినప్పుడు కళ్లు తిరుగుతున్నాయంటే మాత్ర ఎక్కువవుతోందన్నమాట. నోటుబుక్కు తీసుకుని వెళ్లండి. డాక్టరు ఒకసారికి ఒక మాత్రనే, అదీ కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. తర్వాత రెండు నుంచి నాలుగు వారాలు మళ్లీ పొద్దునా సాయంత్రం రాయాలి. నంబరు కదలకపోతే ఆ మెట్టు మీది. ఎగిరితే పాత మోతాదుకు తిరిగి వెళ్లడం, సిగ్గేమీ లేదు. నేను ఒకసారి అలా వెనక్కి వెళ్లాను, ఆషాఢంలో మళ్లీ ప్రయత్నించాను.

అటెనొలాల్, మెటొప్రొలాల్, క్లోనిడిన్ లాంటి బీపీ మాత్రలు ఒక్కసారిగా ఆపితే బీపీ, గుండెవేగం ఉన్నపళంగా ఎగబాకుతాయి. నేను ఆపిన రెండింటిలో ఒకటి అలాంటిదే. స్టెరాయిడ్లు, ఫిట్స్ మాత్రలూ అంతే, అడక్కుండా ఆపకూడదు.

ఫ్రిజ్ తలుపు మీద అంటించే కాగితం

ఎంత పథ్యం చేసేవాళ్లయినా ఇది ఇంట్లో ఉండాలి. గుండె మీద బరువు పెట్టినట్టుండి ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు. మూతి ఒక పక్కకు వంకర పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం. బీపీ 180/120 దాటి తలనొప్పో ఆయాసమో చూపు మసకో ఉండటం. ఎండలో తిరిగివచ్చి ఒళ్లు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడటం. షుగరు ఉన్నవాళ్లకు కాలి పుండు నల్లబడటం.

వీటిలో ఏది కనబడినా గ్యాసు నొప్పేమో అనుకుని వాము నమలకండి. కాలి పుండైతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, మిగతా వాటికి వెంటనే 108కి ఫోను చేయండి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. బండి వచ్చేలోగా లక్షణం ఎన్ని గంటలకు మొదలైందో ఒక చీటీ మీద రాసి, వేసుకుంటున్న మాత్రల అట్టలతో కలిపి రోగి వెంట పంపండి. అక్కడ మొదట అడిగేవి ఆ రెండే.